ఎడమకి కొట్టే తుపాకీ

"ఇది ఎడమకి కొడుతోంది. రేపటికల్లా బాగుచెయ్యి," అంటూ ఆమోస్ తన రివాల్వర్‌ని బల్ల మీద ఠపీమని పెట్టాడు.

తుపాకులు బాగుచేసే విలార్డ్‌కి తలెత్తే ఓపిక కూడా లేదు. ఓహాయోలోని ఆ చిన్న ఊళ్ళో, పాత రివాల్వర్ గొప్పా కొత్తది గొప్పా అన్న తగువు ముప్పై ఏళ్ళుగా వినీ వినీ అతని చెవులు తూట్లు పడ్డాయి. కొత్తవాటికి పక్కన తాళంచెవి బొక్కేమిటి, పిల్లలు చిల్లర దాచుకునే డిబ్బీకున్నట్టు, అంటాడు ఆమోస్. పాతదానికి ముక్క విరిగితే మ్యూజియంలో వెతుక్కోవాలి అంటుంది కొత్తజట్టులోని డార్లీన్. ఏటా ఒక శనివారం క్లబ్బులో పాత తుపాకులకీ కొత్త తుపాకులకీ పోటీ. అది రేపే. పాతజట్టుకి నాయకుడు ఆమోస్.

"మొన్నటిదాకా వెన్నలా ఉందన్నావుగా?"

"ఉండేది. ఇప్పుడు లేదు. వీధి మూల కొట్లో కాఫీ తాగొస్తా, ఈలోపు చూడు."

విలార్డ్ నడుము పట్టుకుని లేచాడు. కొట్టు వెనకే కాల్చే చోటు. ఇసక సంచి మీద ఆ రివాల్వర్‌ని ఆనించి ఆరు గుళ్ళూ కాల్చాడు. ఆరూ పావలా బిళ్ళంత చోట్లో దిగాయి. చేత్తో సానబట్టి అమర్చిన కాలం నాటి సరుకు అది. ట్రిగ్గర్ వేలికి తగిలీ తగలనట్టు కదిలింది.

తుపాకీలో ఏ లోపమూ లేదు. పోయిన నెలే అతనికి అనుమానం వచ్చింది. క్లబ్బు సాధనలో డార్లీన్ ఆరుసార్లు కాలిస్తే ఆవిడ గురి అట్ట మీద ఏడు చిల్లులు తేలాయి. అందరూ నవ్వారు, విలార్డ్ మాత్రం పక్క వరస వైపు చూశాడు. ఆ ఏడోది పక్క వరసలోంచి ఆమోస్ కాల్చింది. ఈసారి తగిలేది అట్టకే అన్న నమ్మకం ఏముంది? కానీ డెబ్బై ఎనిమిదేళ్ళ మొండిఘటానికి, నీ కళ్ళు పోయాయి, ఇక మానెయ్యి అని చెప్పేదెవరు?

ఫోన్ మోగింది. ఆమోస్ భార్య ఐరిస్.

"విలార్డూ, మా ఆయనకి చూపు మధ్యలో మసక కమ్మిందట. ఇక తగ్గదని డాక్టర్ చెప్పాడు. నువ్వు కళ్ళ ఊసెత్తకు. తప్పంతా తుపాకీదే అను. సిలిండర్‌లో గుండు పెట్టే గది గొట్టానికి సూటిగా వచ్చి ఆగడం లేదని చెప్పు. దాన్ని తిప్పే కొక్కెం అరిగిందని చెప్పు. పాతవాటికి ఆ ముక్క ఇప్పుడెవరూ చెయ్యడం లేదని, ఇక కాలిస్తే ప్రమాదమని చెప్పు."

మాట మాటకీ కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. డాక్టర్ ఇచ్చిన కాగితాలు కాబోలు అనుకున్నాడు విలార్డ్. ఏం చెప్పాలో ఆవిడే చెప్పేసింది, తనకి ఆలోచించే బాధ తప్పింది. అదే పదివేలనుకున్నాడు.

ఆమోస్ తిరిగొచ్చేసరికి కొట్లో డార్లీన్ కూడా ఉంది, రేపటికి గుళ్ళు కొనుక్కుంటూ. విలార్డ్ ఐరిస్ చెప్పిందంతా అప్పజెప్పాడు. గది సూటిగా ఆగడం లేదు, కొక్కెం అరిగింది, ముక్క దొరకదు. నిక్షేపంలాంటి తుపాకీ మీద నింద వేస్తున్నందుకు మనసులోనే దానికి క్షమాపణ చెప్పుకున్నాడు.

"ఇక కాల్చకూడదంటావా?"

"కాల్చకూడదు."

ఆమోస్ డార్లీన్ వైపు తిరిగాడు. "ఊఁ, నవ్వుకో. ముప్పై ఏళ్ళుగా ఈ రోజు కోసమేగా కాచుక్కూచున్నావు. నువ్వే గెలిచావు. పాతది అరిగిపోతుంది. ఒప్పుకుంటున్నా."

డార్లీన్‌కి నవ్వు రాలేదు. "పెద్దాయనా, రేపు నాది తీసుకుని కాల్చు. కొత్తదే, అయితేనేం? నువ్వు లేకుండా నేనెవరితో పోట్లాడను?"

చెప్పిన అబద్ధమంతా వృథా అయ్యేలా ఉందే అనుకున్నాడు విలార్డ్.

"ఆ డిబ్బీతోనా?" అన్నాడు ఆమోస్. "ఈ వయసులో నా చెయ్యి ఇంకోదానికి అలవాటు పడదమ్మాయ్. రేపు కాఫీలు పోస్తాలే. నువ్వు ఓడిపోతుంటే పక్కన నిలబడి ఏడిపించేవాడు ఒకడుండాలిగా." తుపాకీని ఒక్కసారి అరచేత్తో నిమిరి, "దీన్ని గోడకి తగిలించు," అని విలార్డ్‌తో చెప్పి, గుమ్మాన్ని చేత్తో తడుముకుంటూ బయటికి నడిచాడు.

డార్లీన్ కూడా వెళ్ళాక విలార్డ్ కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళ తగువునీ తనొక్కడే మోసినంత అలసటగా ఉంది. ఐరిస్‌కి ఫోన్ చేశాడు.

"అయిపోయింది ఐరిస్ గారూ. నమ్మేశాడు పాపం. మీరు చెప్పిన మాటలు చెప్పినట్టే చెప్పాను."

"నా మాటలా? ఆ కొక్కేలూ గదులూ నాకేం తెలుసు విలార్డూ! పొద్దున బయల్దేరేముందు ఆయనే రాసిచ్చి, అరగంటాగి నీకు చదివి వినిపించమన్నాడు. ఆ నాలుగు ముక్కలకే ఆరు కాగితాలు పట్టాయి. ఒక్కో అక్షరం జానెడు రాస్తే గాని ఆయనకి కనబడదు కదా."