రాజుగారి గాదెలో చుక్కి

కిరాణా కొట్లో ఎలకను పడితేనే పాలు, పట్టని రోజు పస్తు. అక్కడ పనిచేసే చుక్కి అనే పిల్లి విసిగిపోయి, రోజూ గిన్నెడు పాలు పోసే రాజుగారి గాదెలో కొలువుకు కుదిరింది.

మొదటి రోజే ఒక బలిసిన ఎలక మీదికి దూకబోతే, ముసలి గండుపిల్లి బావురయ్య అడ్డొచ్చాడు.

"ఏం పిల్లా, మా నోట్లో మట్టి కొడతావా? ఎలకలన్నీ అయిపోతే రేపు మనల్నెవరు మేపుతారు? పాలు తాగి పడుకో."

చుక్కి పడుకుంది. మొదట్లో నిద్ర పట్టలేదు. తర్వాత మెలకువ రాలేదు. ఎలకలు కూడా చనువుగా, "అక్కా, కాస్త తోక జరుపు, బస్తా దగ్గరికి పోవాలి" అనేవి. చుక్కి కళ్లు తెరవకుండానే జరిపేది.

ఒకనాడు ఓ చిట్టెలుక ఏకంగా దాని గిన్నెలోనే మూతి పెట్టి, "ఇవాళ పాలు పల్చగా ఉన్నాయేంటక్కా?" అంది. చుక్కికి తల కొట్టేసినట్టయింది. పస్తున్నా సరే, పిల్లిలా బతుకుతానని పాత కొట్టుకే తిరిగొచ్చేసింది.

యజమాని సంతోషించి బియ్యం బస్తా పక్కన కాపలా పెట్టాడు. కాసేపటికి ఎలక రానే వచ్చింది. పిల్లిని చూసి గజగజ వణుకుతూ నిలబడిపోయింది.

దూకుదామనే అనుకుంది చుక్కి. ఈలోగా తోక దానంతటదే పక్కకు జరిగింది.