వన్ బై టూ

"ఆ పుస్తకం ఎట్లున్నది బిడ్డా?"

అశోక్ నగర్‌లో బీరమ్మ టీకొట్టు ముందు బల్ల మీద నవల చదువుకుంటున్న మహేశ్వరి తలెత్తింది.

పక్కన ఎవరో పెద్దాయన. మెడలో తువ్వాల. చూపంతా అట్ట మీదే ఉంది.

మహేశ్వరి గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ ఆ సందులోనే హాస్టల్లో ఉంటోంది. కోచింగ్ పుస్తకాలతో తల వాచినప్పుడు చిక్కడపల్లి లైబ్రరీ నుంచి ఒక నవల తెచ్చుకుంటుంది. ఇది కొత్తగా వచ్చింది. రాసినావిడ అచ్చులో చూసుకోకుండానే పోయిందని వెనక అట్ట మీద వేశారు.

"మంచిగున్నది తాతా. బియ్యం ఏరుకుంట ముచ్చట చెప్పినట్టు రాసింది."

ఆయన ముఖం విచ్చుకుంది. తనది మూడు తరగతుల చదువేనని, అట్ట మీది పేరైతే కూడబలుక్కుంటానని, కథేందో జర చెప్పమని అడిగాడు.

వన్ బై టూ చెప్పి, ఒక్క టీ రెండు గ్లాసుల్లో రాగానే ఎక్కువున్న గ్లాసు అంచును తువ్వాల కొసతో తుడిచి ఆమె వైపు జరిపాడు.

అది రోజూ సాయంత్రం అలవాటైంది. చదివినంత మేర మహేశ్వరి చెప్పేది. బట్టలు కుడుతూ కథలు రాసుకునే ఒకావిడ బతుకు అది. పెళ్లివారి జాకెట్లు నారాయణగూడ వానలో తడిసిన చోటు చెబుతుంటే, నవ్వొచ్చే మాట ఇంకా రాకముందే ఆయన నవ్వేశాడు.

ఆవిడ భర్త సంగతికొచ్చేసరికి మహేశ్వరికి ఒళ్లు మండింది.

"మనిషా, రాయా తాతా? పెండ్లాం కథ రాసి చదివి వినిపిస్తే ఒక్క మాటన్న అనడు. మంచిగున్నదనడు, లేదనడు."

ఆయన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఆమె బాధపడ్డదా?"

"పడదా మరి? రాయితోని కాపురం అని రాసుకున్నది."

టీ చల్లారిపోయింది. గ్లాసు పక్కన పెట్టి అడిగాడు.

"ఆఖరుకు ఏమన్నది, ఆయన్ని?"

ఇంకా ఒక్క అధ్యాయం మిగిలి ఉంది. ఏమంటుంది, తిట్టే ఉంటుందిలే అంది మహేశ్వరి.

"జర చదివి చెప్పు బిడ్డా."

రేపు చెబుతానంది.

మర్నాడే పరీక్ష తేదీలొచ్చాయి. నవల దిండు కిందికి పోయింది. టీ కూడా హాస్టల్ గదిలోకే వచ్చింది.

పరీక్ష రాసిన సాయంత్రం పుస్తకం పట్టుకుని వస్తే, బల్ల మీద పెద్దాయన లేడు.

బీరమ్మ గ్లాసులు కడుగుతూ తల తిప్పకుండానే చెప్పింది.

"మొగిలయ్య తాత పోయిండు బిడ్డా. దినాలు గూడ అయినయి. పొద్దుగూకితే చాలు, నువ్వొచ్చినవా అని అడుగుతుండె."

మహేశ్వరి బల్ల మీద కూర్చుంది. ఆయన చదివి చెప్పమన్న చివరి అధ్యాయం తెరిచింది.

'ఆయనకు మాట పెగలదు. కథ వినిపించిన ప్రతిసారీ నన్ను టీకొట్టుకు తీసుకుపోయి వన్ బై టూ చెప్పేవాడు. ఎక్కువున్న గ్లాసు అంచు తువ్వాలతో తుడిచి నా వైపు జరిపేవాడు. నా రాతకు అంతకంటే పెద్ద మెప్పు ఎవరిచ్చారు? ఈ పుస్తకం నా రాయికే.'

బీరమ్మ టీ తేనా అంది.

"వన్ బై టూ" అంది మహేశ్వరి.

ఎక్కువున్న గ్లాసు అంచు చున్నీ కొసతో తుడిచి పక్కకు జరిపింది. ఆ రాయి ఇన్ని సాయంత్రాలూ కూర్చున్నది అక్కడే.