నలభై ఒకటో దరఖాస్తు

మూడున్నరకి ఫోను మోగింది. సర్వర్ల గదిలో ఫోను మోగిందంటే ఎక్కడో ఏదో ఆగిపోయిందనే లెక్క.

మౌని ఎత్తాడు. అది ఆయన అసలు పేరు కాదు. మాట పెదవి దాటనివ్వడని ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు.

"బదిలీల పేజీ సరిగ్గా పని చెయ్యట్లేదండి," అంది అవతల ఆడగొంతు. "నేను ఒకటి రాస్తే అక్కడ అన్నీ ప్రశ్నార్థకాలే పడుతున్నాయి."

"దరఖాస్తు నంబరు చెప్పండి."

అవతల కాసేపు మాట లేదు.

"నలభై ఒకటి," అంది తర్వాత. "రక్తపరీక్షల ల్యాబు నుంచి. ఇవాళ అయిదింటితో ఆఖరు సార్."

"తెలుసండి. చూస్తాను."

ఆ కంపెనీకి పాతిక ఊళ్ళలో ల్యాబులున్నాయి. ఏడాదికి ఒక్కసారే బదిలీ అడగనిస్తారు. గడువు దాటిందా, మళ్ళీ ఏడాది పాటు నోరు మూసుకోవడమే.

మౌని దరఖాస్తుల పట్టిక తెరిచాడు. నలభై ఒకటో వరస. కోరిన చోటు, దేశానికి ఆ చివర ఊరు. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ. అది జాబితాలోంచి ఏరుకునేది గనక సరిగ్గానే పడింది. 'కారణం' అన్న గడిలో మాత్రం ప్రశ్నార్థకాలు. మధ్యలో ఖాళీలను బట్టి చూస్తే ఆరు మాటలు. మౌని తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. మొత్తం ఇరవై ఏడు.

పక్క కుర్చీలోంచి రేడియో తొంగి చూశాడు. నోరు కట్టెయ్యడు గనక రేడియో. చేరి మూడు నెలలైంది.

"మిగతా నలభైమందికీ రాని రోగం ఈవిడకే ఎందుకొచ్చింది గురూ?"

"వాళ్ళు ఇంగ్లీషులో కొట్టారు. ఈవిడ సొంత భాషలో రాసింది."

"ఈవిణ్ణీ ఇంగ్లీషులో కొట్టమను. రెండు నిమిషాల్లో తెమిలిపోతుంది."

మౌని ల్యాబుకి ఫోను చేసి ఆ మాటే అడిగాడు.

"ఇది నా భాషలోనే చెప్పాలండి," అంది ఆవిడ. "పోనీ, ఆ పడ్డవాటినే తిరిగి అక్షరాలు చెయ్యలేరా?"

"కుదరదండి. ఒకసారి అలా పడ్డాక లోపల అసలు అక్షరం మిగలదు. మీరు మళ్ళీ రాయాల్సిందే."

"ఫరవాలేదు. నాకు కంఠతా వచ్చు."

పనిలో దిగాడు. అక్షరం మూడు గుమ్మాలు దాటాలి. పేజీ, ప్రోగ్రాము, పట్టిక. మూడింటికీ అక్షరాల్ని అంకెలుగా మార్చే ఎన్‌కోడింగ్ ఒకటే అయితే ఇక్కడి 'అ' అక్కడా 'అ'గానే దిగుతుంది. పేజీ చూశాడు, బాగానే ఉంది. పట్టిక చూశాడు, అదీ బాగానే ఉంది. పోయిన వారం ప్రోగ్రాముని కొత్త సర్వరు మీదికి మార్చింది రేడియో. పట్టికతో ఏ ఎన్‌కోడింగ్‌లో మాట్లాడాలో చెప్పే ఒక్క లైను ఆ మార్పిడిలో జారిపోయింది.

"అంటే అటువాళ్ళూ బాగున్నారు, ఇటువాళ్ళూ బాగున్నారు. కబురు మోసేవాడికే భాష రాలేదన్న మాట," అన్నాడు రేడియో. తప్పు తనదే గనక ఆ లైను తనే రాసి ఎక్కించాడు.

దాంతో పేజీ మొత్తం తెల్లబోయింది. ఉన్న ప్రశ్నార్థకాలు కూడా లేవు.

మౌని తప్పులు నమోదయ్యే ఎర్రర్ లాగ్ తెరిచాడు. మొదటి లైనుకి ముందే ఏదో బయటికి పోయిందని ఉంది అందులో.

"మొదటి లైనుకి ముందు ఏముంది నా మొహం?" అన్నాడు రేడియో. "ఖాళీయే గదా."

"ఉంది. కనబడదు."

రేడియో కోడు రాయడానికి వాడే ఎడిటరు, ఫైలు దాచినప్పుడల్లా దాని నెత్తిన మూడు బైట్లు పెడుతుంది. కంటికి ఆనవు. మౌని వాటిని వెతికి పట్టేసరికి గంట నాలుగు నలభై.

"అయిదు కానీ గురూ," అన్నాడు రేడియో ఒళ్ళు విరుచుకుంటూ. "సర్వరు మొరాయించిందని ఒక ముక్క రాసి పారేద్దాం. ఒక్క దరఖాస్తు పోతే కొంపలేం మునగవు. ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరు," అన్నాడు మౌని.

ఆయన చేతులు కీబోర్డు మీద కాసేపు ఊరికే ఉన్నాయి. తర్వాత ఆ మూడు బైట్లూ తీసేసి, ఫైలు ఎక్కించి, ల్యాబుకి ఫోను కలిపాడు.

"ఇప్పుడు రాయండి."

అవతల టకటకమని మీటల చప్పుడు. ఎక్కడా తడుముకోలేదు.

"పంపానండి."

మౌని పట్టిక మళ్ళీ తెరిచాడు. ఒత్తులూ దీర్ఘాలూ ఒక్కటి చెదరకుండా పడ్డాయి.

'ఈ ఊళ్ళో నాతో మాట్లాడే మనిషి లేడు.'

"వచ్చిందా?"

"వచ్చింది."

"చదివారా?"

"అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చూడాలి గదండీ."

"సరిగ్గానే ఉన్నాయా?"

"సరిగ్గానే ఉన్నాయి."

ఇద్దరూ ఫోను పెట్టలేదు. అటునుంచి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. మౌని ఏదో అనబోయి గొంతు సవరించుకున్నాడు.

"ఉంటానండి," అంది ఆవిడ.

గంట నాలుగు యాభై రెండు. మౌని దరఖాస్తు ఎదురుగా 'చేరినది' అని గుర్తు పెట్టాడు.

"నీకిన్ని మాటలొస్తాయని ఇవాళే తెలిసింది గురూ," అన్నాడు రేడియో. "నెల కోటా ఒక్క పూటలో ఖర్చు పెట్టేశావు."

మౌని తెర ఆర్పి, సంచీ భుజాన వేసుకుని, మెట్లు దిగాడు. రెండు బస్సులు నిండుగా ఉన్నాయని వదిలేసి మూడోది ఖాళీగా వచ్చినా ఎక్కలేదు. నడిచాడు.

ఏడింటికి తన ఇంటి గంట కొడితే, పందొమ్మిదేళ్ళుగా తీస్తున్నట్టే ఆ ల్యాబు ఆవిడే తలుపు తీసి, మాట లేకుండా పక్కకి తప్పుకుంది.