చప్పుడు లేని కారు

“ఇంజను చప్పుడే ఉండదా? అసలు?” సర్వేయరు భార్య మళ్ళీ అడిగింది.

“అస్సలు ఉండదు మేడమ్. పూర్తిగా కరెంటుతో నడిచేది కదా. ఇంటి ముందుకొచ్చి ఆగినా పక్కింటివాళ్ళకి తెలీదు,” అంది షోరూములో అమ్మాయి, అదే దాని గొప్పతనమన్నట్టు.

“అయితే ఇది వద్దండీ. ఆ రెండోది తీసుకుందాం, హైబ్రిడ్. దానికి ఇంజను ఉందిగా.”

సర్వేయరు తన భార్య వైపు అనుమానంగా చూశాడు. గుద్దుకున్న కార్లను ఇన్సూరెన్సు కంపెనీ తరఫున పరీక్షించడం అతని ఉద్యోగం. సొట్ట చూసి, ఓనరు చెప్పే కథలో ఎంత నిజముందో తేల్చేస్తాడు. సరైన కారణం లేకుండా ఎవరైనా ఒక మాట మీద పట్టుబట్టారంటే, దాని వెనకాల ఇంకేదో ఉందనే అతని లెక్క.

“పెట్రోలు ఖర్చు తప్పుతుందనే కదా ఇంతదూరం వచ్చాం. చప్పుడు కోసం కారు కొంటారటోయ్ ఎవరైనా?”

“కారన్నాక కాస్త చప్పుడుండాలి. మన పాతది వీధి మలుపులో దగ్గగానే మీరొస్తున్నారని తెలుస్తుంది. టీ నీళ్ళు పడేస్తాను.”

“హైబ్రిడ్ కూడా మెల్లగా వెళ్ళేటప్పుడు బ్యాటరీ మీదే నడుస్తుంది మేడమ్. వీధిలోకి వచ్చేసరికి అదీ నిశ్శబ్దమే,” అంది అమ్మాయి, ఆ మాట చెప్పక తప్పనందుకు నొచ్చుకుంటూ.

భార్య ముఖం వాడిపోయింది. “అయితే పాతదే నయం. ఇంకో ఏడాది లాగుదాం.”

“మొన్న నడిరోడ్డు మీద ఆగిపోతే దాన్ని లాగింది నేనే. ఇక నావల్ల కాదు.”

అమ్మాయి కాఫీ తెచ్చింది. అతని కప్పు బల్ల మీద పెట్టి, భార్య కప్పు మాత్రం చేతికే అందించింది. అమ్మకం కోసం ఎంత మర్యాదో అనుకున్నాడు సర్వేయరు.

“రంగు చెప్పు, పోనీ.”

“మీకు నచ్చిందే.”

కర్టెన్ల రంగు కోసం అతన్ని ఊళ్ళో కొట్లన్నీ తిప్పిన మనిషి! మనసు ఇక్కడ లేదు. మరి ఎక్కడుంది?

మర్నాడు ఆఫీసులో పక్క సీటు మిత్రుడికి చెబితే పగలబడి నవ్వాడు.

“గురూ, మన రాక ముందుగా తెలియాలని ఇంట్లోవాళ్ళు అంటున్నారంటే ఏమిటర్థం? సర్దుకోవడానికి టైము కావాలి.”

“ఏం సర్దుకోవడానికి?”

“అది నువ్వు తేల్చాలి. నేను కాగితాలు చూసుకునేవాణ్ణి, నాకేం తెలుసు?”

నవ్వులాటకే అన్నా ఆ మాట ముల్లులా దిగింది. ఇదివరకు అతను బెల్లు కొడితే, “తలుపు తీసే ఉంది, రండి!” అని భార్య వంటింట్లోంచి కేకేసేది. అతను గుండెకి స్టెంటు వేయించుకుని మళ్ళీ ఉద్యోగంలో చేరినప్పటినుంచి, కారు దిగేసరికే గుమ్మంలో నిలబడి ఉంటోంది, నవ్వుతూ. ప్రేమ అనుకుని మురిసిపోయాడు ఇన్నాళ్ళూ. ఆ మధ్య బల్బు మార్చడానికి ముక్కాలిపీట జరిపితే, “దేనిచోట దాన్ని ఉండనివ్వండి!” అని అరిచింది. ఎన్నడూ గొంతు పెంచని మనిషి. కూతురితో ఫోనులో, “మీ నాన్నకి మాత్రం తెలియనివ్వకు,” అంటూంటే ఒకసారి చెవిన పడింది.

“ఏమిటోయ్ నాకు తెలియకూడనిది?” అనడిగాడు అప్పుడే.

“మీకు చెప్పి కంగారు పెట్టేంతది కాదులెండి. డాక్టరు మిమ్మల్ని ప్రశాంతంగా ఉండమన్నాడు.”

ప్రశాంతత అంతటితో పోయింది.

కరెంటు కారే కొన్నాడు. కారు ఇంటికొచ్చిన రెండోనాడే గేటుకి ఒక గంట వేలాడుతూ కనిపించింది.

“ఇదేమిటి?”

“కుక్కలు దూరుతున్నాయి. గేటు ఎవరు తీసినా తెలుస్తుందని.”

“కుక్కలా?”

“ఊఁ. కుక్కలే.”

ఇన్నేళ్ళ కాపురంలో ఆమెను అనుమానంగా ఒక్క ప్రశ్న అడిగి ఎరుగడు. ఇప్పుడు గుండెలో బరువుకి మందు లేదు. తను భయపడుతున్నదే నిజమైతే ఆ ఇంట్లో ఏ ముఖంతో మసలుకోవాలో తెలియడం లేదు. అలాగని తేల్చుకోకుండా ఉండటమూ అతనికి చేతకాదు.

ఒకరోజు పొద్దున బయల్దేరుతూ గేటు బార్లా తెరిచి, గంట మోగకుండా ఇటుక అడ్డం పెట్టి వెళ్ళాడు. మధ్యాహ్నం తలనొప్పని చెప్పి ఆఫీసు నుంచి బయటపడ్డాడు. కారు వీధి మలుపు తిరిగింది, చప్పుడు లేదు. తెరిచిన గేటులోంచి లోపలికి జారింది, చప్పుడు లేదు. వసారా మెట్లకి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఆగింది.

గుమ్మం ముందు పరాయి చెప్పులు లేవు. ఇంట్లో ఇంకెవరి అలికిడీ లేదు. భార్య ఒక్కతే వసారాలో కుర్చీలో కూర్చుని, భుజానికీ చెవికీ మధ్య ఫోను నొక్కిపెట్టి, ఒళ్ళో ఆరిన బట్టలు మడతపెడుతోంది. అతని చొక్కాయే. కాలరు వేళ్ళతో తడిమి, ముద్దుగా సాపు చేస్తోంది.

సర్వేయరుకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఈ మనిషి మీదా నా నిఘా? పిలుద్దామని కారు అద్దం దించాడు.

ఆ సన్నటి అలికిడికి ఆమె తలెత్తింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి. అతను పట్టుబడ్డ దొంగలా నవ్వి, చెయ్యి ఊపాడు.

అతని కళ్ళలోకే చూస్తూ ఆమె ఫోనులో అంది, “లేదమ్మా, గంట మోగలేదు. నాన్న ఇంకా రాలేదు.”