తిరగబడ్డ కార్డు

"బాబూ, ఈ చుక్కల్లో కణం ఏది?"

అతను ఉలిక్కిపడ్డాడు. గోడకి తగిలించిన తన పరిశోధన పోస్టరు ముందు ఒక ముసలావిడ నిలబడి ఉంది. మెడలో పేరు కార్డయితే ఉంది గాని, తిరగబడి వెనకవైపు కనిపిస్తోంది. ఈ సదస్సుల్లో ఎవరి కార్డూ తిన్నగా వేలాడి చావదు.

"చుక్కలు కణాలు కావమ్మా, జన్యువులు. గీతలేమో వాటి మధ్య సంబంధాలు. అన్నీ ఒక్క కణంలోవే," అన్నాడు. చూపు మాత్రం ఆవిడ భుజం మీదుగా హాలు అవతలికి పోతోంది.

అక్కడ పేరుమోసిన శాస్త్రవేత్త ఒక పెద్దాయన ఒక్కో పోస్టరూ చూసుకుంటూ వస్తున్నాడు. దేశదేశాల నుంచి వచ్చిన ఇంతమందిలో ఒకే ఒక్కరిని తన ల్యాబుకి తీసుకుంటాడట. ఇతని ఫెలోషిప్పు ఈ నెలాఖరుతో సరి. అందుకే పొద్దుటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఇవి కె-7 కణాలేనా?"

"అవే. ఒక్కో జన్యువునీ ఆపేసి, దేన్ని ఆపితే ఏ పని ఆగిపోతుందో చూస్తాం."

"అప్పుడు నొప్పెట్టదూ?"

అతనికి నవ్వొచ్చింది. "కణాలకి నొప్పేమిటండీ! మొండి ఘటాలు. గడ్డకట్టించినా చావవు. ముప్పై ఏళ్లుగా ఎన్ని ల్యాబుల్లో పెరుగుతున్నాయో!"

"ముప్పై ఒకటి," అందావిడ.

లెక్కల టీచరు కాబోలు అనుకున్నాడు. పెద్దాయన ఇంకా మూడు పోస్టర్ల దూరంలో ఉన్నాడు.

"పనయ్యాక వాటినేం చేస్తారు?"

"బ్లీచు పోసి సింకులో వంపేస్తాం."

ఆవిడ పోస్టరు మూలనున్న కణాల ఫొటో మీద మెల్లిగా వేలు పెట్టింది.

"తాకకండి, మరకలు పడతాయి!"

ఆవిడ చెయ్యి తీసేసింది. "ఇవి ఎవరివో తెలుసా బాబూ?"

"ఎవరో జబ్బుపడ్డ పాపవట. మాకు నంబరుతోనే పని. అమ్మా, కాస్త పక్కకి జరుగుతారా? ముఖ్యమైన మనిషి వస్తున్నారు."

"అయ్యో, అలాగే," అంటూ ఆవిడ వెళ్లిపోయింది.

పెద్దాయన రానే వచ్చాడు. అద్దం ముందు వందసార్లు అప్పజెప్పుకున్న రెండు నిమిషాల ఉపన్యాసం కోసం అతను నోరు తెరిచాడు. పెద్దాయన పోస్టరు వైపు చూడనే లేదు.

"ఇప్పటిదాకా ఇక్కడున్నావిడ ఏరీ?"

"ఎవరో సార్... అటు వెళ్లారు. సార్, నా పోస్టరు..."

"పోస్టరు తరవాత చూద్దాం. ఇవాళ వేదిక మీద మొదటి కుర్చీ ఆవిడది. ఒక్కసారి చూసొస్తానని ఇటు వచ్చారు. ముందు వెళ్లి పిలుచుకురావయ్యా!"

అతను జనాన్ని తోసుకుంటూ గుమ్మం దాకా పరుగెత్తాడు. అక్కడ బల్ల వెనక అమ్మాయి కార్డులు వెనక్కి తీసుకుంటోంది.

"ఆ పెద్దావిడేనా? ఇప్పుడే వెళ్లిపోయారండీ. ఉండమన్నా ఉండలేదు. లోపల ముఖ్యమైనవాళ్లు చాలామంది ఉన్నారు, నేనెందుకమ్మా అన్నారు."

బయటికి వెళ్లి రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరికి చూశాడు. ఆవిడ కనిపించలేదు. అతను తిరిగి వచ్చేసరికి ఆవిడ కార్డు బల్ల మీద ఈసారి తిన్నగా పడి ఉంది.

పేరు కింద, అందరికీ యూనివర్సిటీ పేరుండే చోట, "కె-7 తల్లి" అని అచ్చు వేసి ఉంది; ఆ "కె-7"ని పెన్నుతో కొట్టేసి, పైన వణికే అక్షరాలతో "చిన్ని" అని దిద్ది ఉంది.