గిటారు తీగ పిన్ను

చైను చేతిలో పడగానే, ఇంట్లోనే వాచీ చైన్లు బాగుచేసే ఎవరిస్తో దాన్ని గుర్తుపట్టాడు. అది తన కూతురు నెలీదా వాచీ చైను.

తెచ్చినవాడు బల్లకు అవతల కుర్చీలో కూర్చున్నాడు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, మామూలు కోటు, కాళ్ళకు మాత్రం పటాలం బూట్లు. రొసారియో ఊళ్ళో, సైనిక పాలన నడుస్తున్న ఆ శీతాకాలం, అలాంటి బూట్లు గుమ్మం ఎక్కాయంటే ఆ ఇంట్లో మనిషి తగ్గినట్టే. ఆరు నెలల క్రితం నెలీదాను ఆమె అద్దె గదిలోంచి ఎత్తుకుపోయినవాళ్ళూ అవే వేసుకొచ్చారట. ఆ గది ఆమె మారుపేరుతో తీసుకుంది కాబట్టి అమ్మానాన్నలెవరో వాళ్ళకు తెలియలేదు. ఎవరిస్తో, అతని భార్య ఒతీలియా ఇంకా బతికున్నారంటే అందుకే. కూతురేమైందని ఎక్కడికీ వెళ్ళి అడగలేదు. అడగాలంటే భయం, అడగనందుకు సిగ్గు.

శుభ్రం చేస్తే చాలా అని ఎవరిస్తో అడిగాడు. చాలన్నాడు వచ్చినవాడు. అయ్యేదాకా కూర్చుంటానన్నాడు.

చైనును గోరువెచ్చని సబ్బు నీళ్ళలో వేసి పాత పళ్ళ బ్రష్షుతో లింకు లింకూ రుద్దడం మొదలుపెట్టాడు. సందుల్లోంచి నల్లటి మురికి దిగింది. అది ఒట్టి చెమట మురికేనని తనకు తాను చెప్పుకున్నాడు. తెర వెనక వంటగదిలో ఒతీలియా మాతే ఆకుల టీ కోసం నీళ్ళు కాస్తోంది. ఆమె ఇటొచ్చి ఈ చైను చూసిందా, ఇక అంతే సంగతులు.

"నువ్వక్కడే ఉండవే, నీళ్ళు ఇంకాస్త కాగనీ," అని కేకేశాడు.

వచ్చినవాడు ముందుకు వంగి, కొక్కెం పక్క లింకు మీద వేలు పెట్టాడు.

"ఈ పిన్ను కంపెనీది కాదు మేస్త్రీ. గిటారు తీగ ముక్క. ఇది ఎవరి చేతి పనో చెప్పగలరా? మీ వృత్తివాళ్ళు ఒకరి పని ఒకరు ఇట్టే పట్టేస్తారటగా."

పట్టెయ్యకేం. నెలీదా గిటారు మీద తెగిన తీగనే కత్తిరించి, కొస సుత్తితో చదును చేసి తనే బిగించాడు. ఊళ్ళో ఇంకెవరూ అలా చెయ్యరు. నాదే అన్నాడా, మరుక్షణం తానూ ఒతీలియా ఆ బూట్ల వెనక నడవాల్సిందే.

"ఎవడో చేతకానివాడు. తలుపులకు మేకులు కొట్టుకునేవాడు వాచీల జోలికొచ్చినట్టున్నాడు."

"మీకు తెలుసా అతను?"

"తెలిస్తే చెవి మెలేసి పని నేర్పేవాణ్ణి."

వచ్చినవాడు నవ్వలేదు. సిగరెట్ తీశాడు. మూడు పుల్లలు గీస్తేగాని అది అంటుకోలేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి కాబోలు అనుకున్నాడు ఎవరిస్తో. అతను అదే ప్రశ్న మరో రెండు రకాలుగా తిప్పి అడిగాడు. ఎవరిస్తో రెండుసార్లూ అదే జవాబిచ్చాడు.

"మీకు పిల్లలున్నారా?"

"లేరు."

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఒతీలియా విన్నది. ఎవరిస్తోకు నాలుక కోసుకోవాలనిపించింది, అయినా తల ఎత్తలేదు. అబద్ధం ఆడినవాడు దాన్ని అతికినట్టు ఆడాలి కదా. గిటారు తీగ ముక్కను పొడిచి బయటికి తీసి, చెత్త డబ్బాలో పడేశాడు. దాని స్థానంలో కంపెనీ పిన్ను దించాడు. తీగ ముక్క డబ్బాలో పడుతుంటే వచ్చినవాడు ఏదో అనబోయి ఆగిపోయాడు.

చైను తుడిచి ఇచ్చాడు. వచ్చినవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, తల పంకించి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, నిజంగానే మీకు తెలీదుగా అని చివరిసారి అడిగాడు. తెలీదన్నాడు ఎవరిస్తో.

తలుపు మూసి మూడు గడియలూ బిగించాడు. బతికిపోయాం అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. వెనక తెర పక్కన ఒతీలియా నిలబడి ఉంది. ఎవరికి పిల్లలు లేరంట అని ఆమె కళ్ళే అడుగుతున్నాయి. ఎవరిస్తో కిటికీ వైపు తిరిగాడు.

కిటికీ కిందే కారు ఆగి ఉంది. బూట్లవాడు ఎక్కి తలుపు వేసుకుని, సిగరెట్ పొగ పోవడానికి అద్దం దించాడు; మాటలు కిటికీలోంచి వినబడుతున్నాయి. వెనక సీట్లో తెల్లటోపీ పెట్టుకున్న నర్సు ఉంది.

"ఈయనా కాదట," అన్నాడు బూట్లవాడు నీరసంగా. "ఇంటి దగ్గర చైన్లు బాగుచేసేవాళ్ళలో ఈయనే ఆఖరు."

కారు కదులుతుండగా నర్సు గొంతు వినబడింది.

"ప్రాణం పోయేముందు ఆ పిల్ల, పేర్లు చెప్పకపోయినా, 'పిన్ను చూస్తే మా నాన్న గుర్తుపడతాడు' అందని ఆశపడ్డాం. ఇంకేం చేస్తాం, ఆమె కన్న ఈ పసిగుడ్డును అనాథాశ్రమంలో ఇచ్చేద్దాం పద."