ఒక్క పూత రంగు

రైల్లో పడి విరిగిపోయిందన్న రాణి బొమ్మ, ఉదయభాస్కర్ వాట్సాప్ స్టేటస్‌లో నిక్షేపంగా గుర్రం మీద కూర్చుని ఉంది.

ప్రిస్కిల్లా చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

అతనికి వారమంతా నిడదవోలులో ఉద్యోగం. శనివారం సాయంత్రానికి కాకినాడ వచ్చేవాడు. వస్తూనే డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరిచి, బొమ్మలు పెట్టేవాడు. టేబుల్ మీద ఆడుకునే యుద్ధం ఆటలోని బొమ్మలవి. సైనికులు, విలుకాళ్లు, గుర్రాలు. ఒక్కోటీ వేలెడంత. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రంగులు వేసేవారు.

మొదట్లో పూత మీద పూత వేసి విసిగిపోయారు. తర్వాత అతనే కొత్తరకం రంగులు తెప్పించాడు. తెల్లగా ప్రైమర్ కొట్టిన బొమ్మకి ఒక్క పూత చాలు. రంగు బట్టల మడతల్లోకి జారి చిక్కబడుతుంది. అంచుల మీద పల్చబడుతుంది. వెలుగూ నీడా వాటంతటవే వస్తాయి. మొదటి సైనికుడి అంగీ అలా ఎర్రబడుతుంటే ఆమె చప్పట్లు కొట్టింది.

"రాణిని మాత్రం ఆఖర్న వేద్దాం, ఇద్దరం కలిసి," అన్నాడతను.

లావణ్య సంగతి ప్రిస్కిల్లాకు తెలియంది కాదు. నిడదవోలులో అతను ఆమెతోనే ఉంటాడనీ తెలుసు. ఏడ్చింది, పోట్లాడింది, చివరికి సర్దుకుంది. ఒక్క మాట మాత్రం తీసుకుంది. ఈ బొమ్మల మీద లావణ్య చెయ్యి పడకూడదు.

స్టేటస్‌లో రాణి పైవస్త్రం పచ్చగా మెరుస్తోంది. కింద 'లావణ్య చేతి పని' అని రాశాడు. ప్రిస్కిల్లాకు కనబడకుండా పెట్టడం మరిచిపోయినట్టున్నాడు.

ఫోన్ చేసింది.

"రాణి విరిగిపోయిందన్నావ్?"

"అది కాదు ప్రిస్కీ... ఏదో ముచ్చటపడి అడిగింది. అయినా ఒక్క పూత రంగే కదా. ఎవరైనా వేస్తారు."

ఎవరైనా!

ఫోన్ పెట్టేసింది. ఇంట్లో ఉన్న సైనికులందర్నీ ఒక డబ్బాలో కుక్కింది. మధ్యాహ్నం రైలెక్కింది. గోదావరి బ్రిడ్జి మీద రైలు దడదడలాడుతుంటే, లావణ్యను ఏమేమని కడిగెయ్యాలో వరసగా అనుకుంది. ఆ రాణిని తెచ్చేసుకోవాలి. ఆ డబ్బా ఆమె మొహాన కొట్టాలి.

ఏనాడూ తొక్కని ఆ గడప ముందు నిలబడి తలుపు కొట్టింది.

లావణ్య తలుపు తీసింది. బొటనవేలికి ఇంకా పచ్చ రంగు అంటుకునే ఉంది. వెనకాల టీవీ పక్కన రాణి.

"ఎవరండి?"

ప్రిస్కిల్లా డబ్బాను గుండెలకు అదుముకుంది.

"అయ్యో, ఎండన పడి వచ్చినట్టున్నారు. ముందు లోపలికి రండి. ఏంటండి, అలా చెమటలు పట్టేశాయి?"

ఆమెను చెయ్యి పట్టుకు తీసుకొచ్చి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, మంచినీళ్లు తేవడానికి వెళ్లింది లావణ్య, తన భర్తకు వారం వారం కాకినాడలో ఆఫీసు పని ఉంటుందని పెళ్లయిన నాటి నుంచీ నమ్ముతున్న ఇల్లాలు.